జనం చేత గోవిందా అనిపించే పని

(డాలస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో హైస్కూల్ చీర్‌లీడింగ్ గురించి, అంటే ఆటల్లో జనం చేత నినాదాలు అనిపించే పని గురించి, చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందాండీ? సరే, చేతులెత్తారు, సంతోషం.

ముందు ఒక చిన్న పని చేద్దాం. నేనొక మాట అంటాను. మీకు నోటికి ఏదొస్తే అది అనండి. ఏడుకొండలవాడా, వెంకటరమణా...

చూశారా! ఎవరూ కాగితాలు పంచలేదు, ఎవరూ రిహార్సల్ చేయించలేదు, హాలంతా ఒక్క గొంతుతో గోవిందా అంది. ఎందుకు కుదిరిందంటారు? ఒకటి, మీ వంతు మాట చిన్నది. రెండు, ఎప్పుడు అందుకోవాలో నా గొంతు ఆగిన తీరే మీకు చెప్పేసింది. మూడు, ఇదిగో ఈ ముందు వరసలో పెద్దవాళ్ళు ఇద్దరు మొహమాటపడకుండా అందుకున్నారు, దాంతో వెనకవాళ్ళకి సిగ్గు పోయింది. హైస్కూల్ చీర్‌లీడింగ్ అంటే ఈ మూడు సంగతులేనండీ. మిగిలిన గెంతులు, జుట్టుకి రిబ్బన్లు, చేతిలో పాంపాన్లనే కుచ్చులు, అన్నీ దీని కోసం వచ్చినవే.

మనవాళ్ళలో చాలామంది చీర్ అంటే పొట్టి గౌన్లేసుకుని డాన్సు చేయడం అనుకుంటారు. నవ్వుతున్నారు గానీ, ఈ హాల్లోనే అనుకునేవాళ్ళున్నారు. డాన్సు వేరే ఉంది. టెక్సాస్‌లో దాన్ని డ్రిల్ టీమ్ అంటారు. కిల్‌గోర్ కాలేజీలో 1940లో గస్సీ నెల్ డేవిస్ అనే టీచర్ రేంజరెట్స్ అనే జట్టుని తయారుచేసింది, ఆ బాటలోనే ఈ రాష్ట్రంలో స్కూలు స్కూలుకీ ఒక డ్రిల్ టీమ్ వచ్చింది. వాళ్ళు హాఫ్‌టైమ్‌లో మైదానం మధ్యలో నిలబడతారు, జనం వాళ్ళని చూస్తారు. చీర్‌లీడర్లు జనానికి ఎదురుగా నిలబడతారు, వాళ్ళే జనాన్ని చూస్తారు. తేడా అక్కడుంది. ఆట వాళ్ళ వీపు వెనక జరుగుతూ ఉంటుంది!

ఇది ఎలా మొదలైందో చూడండి. 1898 నవంబరులో మిన్నెసోటా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతోంది. జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి స్టాండ్స్‌లోంచి, అంటే జనం కూర్చునే మెట్ల వరసల్లోంచి, కిందికి దిగి, జనం ముందు నిలబడి, అందరి చేతా ఒకే నినాదం అనిపించాడు. పాంపాన్లు లేవు, గెంతులు లేవు. అన్నట్టు మొదట్లో ఇది పూర్తిగా మగపిల్లల పని. అదే మిన్నెసోటాలో ఆడపిల్లలు చేరింది 1923లో. మీ అబ్బాయి చీర్‌లో చేరతానంటే నోరు తెరుచుకుని చూడకండి, వాడు మొదటి సంప్రదాయానికి పోతున్నాడు.

మన డాలస్‌కీ ఇందులో పెద్ద వాటానే ఉంది. లారెన్స్ హెర్కిమర్ ఇక్కడ హైస్కూల్లో చదివాడు, ఎస్ఎమ్‌యూలో, అంటే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో, చీర్‌లీడర్‌గా ఉన్నాడు. 1948లో టెక్సాస్‌లోనే హంట్స్‌విల్‌లో మొదటి చీర్ క్యాంపు పెట్టాడు. వచ్చింది 52 మంది ఆడపిల్లలు, ఒక్క మగపిల్లాడు. నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్ అతను పెట్టిందే. పాంపాన్‌కి 1971లో పేటెంట్ తీసుకున్నదీ అతనే. ఒక కాలు చాపి ఒక కాలు మడిచి గెంతే గెంతుకి ఇప్పటికీ హెర్కీ అనే పేరు. మామూలు గెంతు గెంతబోయి సరిగ్గా కుదరక అలా పడితే, ఆ కుదరనిదే అతని పేరుతో నిలిచిపోయింది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఏ మాట ఎప్పుడు అనిపించాలి?

ఫుట్‌బాల్ ఆట తెలియకుండా చీర్ చేయలేరు. ఇది తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, వాటిలో 10 గజాలు ముందుకెళ్ళాలి. బంతి మనవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ తన జట్టుకి గట్టిగా సంకేతాలు అరుస్తాడు. ఆ క్షణంలో మన స్టాండ్స్ గోల చేస్తే ఏమవుతుంది? మనవాళ్ళకే వినపడదు. ఒకడు తొందరపడి కదులుతాడు, జరిమానా పడుతుంది, 5 గజాలు వెనక్కి. అంటే మన పిల్లలు మన జట్టుని వెనక్కి నెట్టారన్నమాట! కొత్త స్క్వాడ్‌లు, అంటే చీర్ జట్లు, చేసే మొదటి తప్పు ఇదే. బంతి మనదైతే ఒక అవకాశానికీ ఇంకో అవకాశానికీ మధ్య అరిపించాలి, వరసలు కుదిరే సరికి చేతులు కిందికి దించి జనాన్ని ఆపాలి. బంతి అవతలివాళ్ళదైతే తిరగేయండి: వాళ్ళు వరస కట్టినప్పుడే గోల పెంచాలి. "డీ-ఫెన్స్" అనే నినాదం అప్పటిది. అందులోనూ మూడో అవకాశం ముఖ్యం, అక్కడ వాళ్ళని ఆపితే బంతి దాదాపుగా మనకొచ్చేసినట్టే. మన చేతిలో బంతి ఉండగా "డీ-ఫెన్స్" అని అరిపించిన స్క్వాడ్‌ని చూసి అవతలి స్కూలు బ్యాండు వాళ్ళు కడుపుబ్బా నవ్వుకుంటారు. అందుకని కెప్టెన్ ఒక్కతి మాత్రం ఎప్పుడూ పక్కకి తిరిగి మైదానం మీద ఒక కన్నేసి ఉంచాలి.

బాస్కెట్‌బాల్‌లో మనవాడు ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే బంతి, వేస్తుంటే నిశ్శబ్దం, బంతి చేయి వదిలాకే అరుపు. ఇక ఏ ఆటలోనైనా, ఏ జట్టువాడైనా సరే, దెబ్బ తగిలి పడిపోతే ఒక మోకాలు నేలకి ఆనించి మౌనంగా ఉండాలి. లేచి నడిచాక చప్పట్లు. ఇందులో రెండో మాట లేదు.

ఇప్పుడు లెక్కలు. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాబట్టి ఇది నచ్చుతుంది. చీర్‌లో అంతా ఎనిమిది లెక్కల్లో నడుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక ఎనిమిది అంటే 4 సెకన్లు. బాస్కెట్‌బాల్‌లో చిన్న టైమ్ అవుట్, అంటే జట్టు అడిగి తీసుకునే విరామం, 30 సెకన్లు. కోర్టు మీదికి పరుగెత్తి రావడానికి ఒక 3, తిరిగి పోవడానికి ఒక 3 తీసేయండి. మిగిలింది 24. అంటే ఆరు ఎనిమిదులు. రెండు ఎనిమిదుల పొడవున్న నినాదాన్ని సరిగ్గా మూడుసార్లు అనిపించవచ్చు. మూడుసార్లు ఎందుకు? మొదటిసారి జనం వింటారు. రెండోసారి గొంతు కలుపుతారు. మూడోసారే అసలు శబ్దం వస్తుంది. రెండుసార్లకే ఆపేసి, ఈ జనానికి ఉత్సాహం లేదు అంటే ఎలాగండీ? మీరు వడ్డించకుండానే విస్తరి ఎత్తేశారు!

వేగం కూడా చూడాలి. పోటీల్లో సంగీతం 150 దాకా వెళ్తుంది, పిల్లలు దానికి అలవాటుపడి ఉంటారు. స్టాండ్స్‌లో కూర్చున్న తాతయ్యకి ఆ వేగంలో మాట తిరగదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విరిచి అనిపించాలి.

ఇంకో చిక్కుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. బ్యాండు స్టాండ్స్‌లో ఆ చివర, అంటే 70 మీటర్ల దూరంలో కూర్చుందనుకోండి, డ్రమ్ము దెబ్బ ఈ చివర చేరేసరికి సెకనులో అయిదోవంతు గడిచిపోతుంది. 120 వేగంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్నది అర సెకనే. అంటే దాదాపు సగం దెబ్బ ఆలస్యం. చెవితో తాళం పట్టుకుంటే ఈ చివరవాళ్ళు వెనకబడతారు, ఆ చివరవాళ్ళు ముందుకు పోతారు, మధ్యలో గందరగోళం. మందు ఒకటే: కళ్ళతో తాళం. చీర్‌లీడర్లందరూ కెప్టెన్ చేతిని చూడాలి, కెప్టెన్ బ్యాండు ముందున్న డ్రమ్ మేజర్ చేతిని చూడాలి. జనం చీర్‌లీడర్ల చేతుల్ని చూస్తారు. అందుకేనండీ ఆ చేతులు అంత బిగువుగా, అంత పెద్దగా కదిలేది. అందం కోసం అనుకున్నారా?

చేతుల మాట వచ్చింది కాబట్టి కూచిపూడి నేర్చుకున్న పిల్లల గురించి ఒక మాట. వాళ్ళకి తాళం, ముఖంలో భావం, కాళ్ళలో బలం ముందే ఉంటాయి. ఇబ్బంది మణికట్టు దగ్గర వస్తుంది. మన నాట్యంలో మణికట్టు విరిస్తేనే ముద్ర. చీర్‌లో మోచేతి నుంచి పిడికిలి దాకా కర్రలా ఒకే గీత ఉండాలి, మణికట్టు వంగితే దూరం నుంచి చేయి ముగిసిన చోటు తెలియదు. రెండు చేతులూ పైకి చాచే హై వీలో కూడా చేతులు చెవుల కన్నా కొంచెం ముందుకు ఉండాలి, తల తిప్పకుండానే కంటి చివర్లో తన పిడికిళ్ళు తనకి కనిపించాలి. కనిపించలేదంటే వెనక్కి పోయాయని అర్థం. అద్దం అక్కర్లేదు.

గొంతు సంగతి. పై స్థాయిలో కీచుమని అరిస్తే రెండో క్వార్టర్‌కే బొంగురుపోతుంది, పైగా అంత దూరం మాటా అర్థం కాదు. కడుపులోంచి, మాట్లాడే గొంతు కన్నా కాస్త దిగువ స్థాయిలో. మెగాఫోన్ మూతికి ఆనించి పట్టుకోవాలి, సందు ఉంటే సగం శబ్దం పక్కలకి పోతుంది. అట్టల మీద రాసే అక్షరాలకి ఒక మోటు లెక్క ఉంది: అంగుళం ఎత్తుకి పది అడుగుల దూరం. స్టాండ్స్ 120 అడుగులుంటే అక్షరం 12 అంగుళాలు ఉండాలి. ఒక అట్ట మీద ఒకటే మాట. మెరుపుల జిగురు అద్దకండి, స్టేడియం దీపాల కింద అది తళతళలాడి అక్షరాన్నే మింగేస్తుంది.

ఇదంతా నా సొంత సిద్ధాంతం అనుకోకండి. టెక్సాస్‌లో ప్రభుత్వ స్కూళ్ళ పోటీలు నడిపే యూఐఎల్ అనే సంస్థ 2016లో రాష్ట్రస్థాయి స్పిరిట్ పోటీలు, అంటే చీర్ పోటీలు, మొదలుపెట్టింది. అందులో ఉన్నవి మూడే: బ్యాండుతో కలిసి చేసేది, జనాన్ని నడిపించేది, స్కూలు ఫైట్ సాంగ్, అంటే జట్టుని ఉత్సాహపరిచే స్కూలు పాట. పల్టీలు ఎన్ని కొట్టారన్న దానికన్నా జనాన్ని నడిపించే తీరుకే అక్కడ పెద్దపీట.

పల్టీలు అన్నాను కాబట్టి స్టంట్ల దగ్గర, అంటే మనిషిని పైకెత్తే విన్యాసాల దగ్గర, ఒక్క అయిదు నిమిషాలు ఆగుదాం. మీ భయమంతా దీని గురించేనని నాకు తెలుసు.

నలుగురు ఉంటారు. కింద ఇద్దరు బేస్‌లు, వెనక ఒక బ్యాక్ స్పాట్, పైన ఫ్లయర్. అందరి కళ్ళూ ఫ్లయర్ మీదే ఉంటాయి గానీ, పనంతా బ్యాక్ స్పాట్‌ది. లెక్క గట్టిగా చెప్పేది ఆ అమ్మాయే, ఫ్లయర్ చీలమండలు పట్టుకుని బరువు లాగేది ఆ అమ్మాయే, పడితే తలా భుజాలూ పట్టుకోవాల్సిందీ ఆ అమ్మాయే. ఫ్లయర్ సన్నగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. అది కాదండీ. నడుమూ మోకాళ్ళూ బిగించి కర్రలా నిలబడితే పైకి ఎత్తవచ్చు. ఒళ్ళు వదిలేస్తే సన్నపిల్ల కూడా సిమెంటు బస్తాలా జారుతుంది.

ఎక్కడ చెడుతుంది? నాలుగు చోట్ల. ఫ్లయర్ లెక్క పూర్తి కాకముందే గెంతడం. ఫ్లయర్ కిందికి చూడడం, తల వంగితే నడుం వంగుతుంది, ముందుకు పడుతుంది. బేస్‌లు కాళ్ళ బలంతో కాకుండా వీపుతో ఎత్తడం. నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం: పైన ఊగగానే బేస్‌లు భయపడి ఒక అడుగు వెనక్కి వేయడం. ఫ్లయర్ పడుతుంటే బేస్‌లు ఆ అమ్మాయి కిందికి చేరాలి, ఎంత ఎత్తులో వీలైతే అంత ఎత్తులో పట్టుకోవాలి. ఇది సహజంగా వచ్చేది కాదు, నడుం ఎత్తులో వందసార్లు చేసి, తర్వాత భుజం ఎత్తులో చేసి, ఆ తర్వాతే తల పైకి వెళ్ళాలి. మెట్టు దాటించే కోచ్ దగ్గర పిల్లల్ని ఉంచకండి. దేశమంతటికీ హైస్కూల్ స్పిరిట్ నియమాలు రాసేది ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సంస్థ. మనిషిని తల కన్నా పైకి ఎత్తే స్టంట్‌కి వెనక స్పాటర్, అంటే ఆ బ్యాక్ స్పాట్ అమ్మాయి, తప్పనిసరి. బాస్కెట్ టాస్, అంటే మనిషిని గాల్లోకి విసిరి పట్టుకోవడం, బాస్కెట్‌బాల్ కోర్టు లాంటి గట్టి నేల మీద చేయకూడదు. తలకి దెబ్బ తగిలిందా, వెలుతురు చూడలేకపోతోందా, వాంతి వచ్చినట్టుందా? ఆ రోజుకి అంతే. డాక్టరు రాసిచ్చే దాకా మళ్ళీ వెళ్ళకూడదు.

ఇక మన ఇళ్ళలో వచ్చే పేచీ, నగలు. ముక్కుపుడక, చెవిదిద్దులు, గాజులు, చేతికి ఎర్రతాడు, కాలికి నల్లతాడు. స్టంట్‌లో ఇవేవీ కుదరవు. దిద్దు పైవాళ్ళ కాలికి తగులుకుంటే చెవి తమ్మె చీలుతుంది, ఉంగరం తగిలితే వేలు పోతుంది. మతానికి సంబంధించిన పతకం ఉంటే టేపు వేసి బట్టల లోపల ఉంచుకోనిస్తారు. మిగిలినవాటికి ముందే కోచ్‌ని అడగండి, ఆట రోజు సాయంత్రం పార్కింగ్ లాట్‌లో వాదన పెట్టుకోకండి. ఇంకో ముఖ్య విషయం: ముక్కు కుట్టించాలంటే సీజన్ అయిపోయాక కుట్టించండి. కొత్తగా కుట్టించిన ముక్కుకి పుడక తీసేస్తే పూడుకుపోతుంది, తీయకపోతే ఆడనివ్వరు.

ఫోన్ల గురించి ఒక్క నిమిషం. పెన్సిల్వేనియాలో వర్సిటీ, అంటే స్కూలు ప్రధాన, చీర్ జట్టులోకి ఎంపిక కాని ఒక అమ్మాయి వారాంతంలో, స్కూలు బయట, స్నాప్‌చాట్‌లో బూతు మాట పెట్టింది. తనున్న జూనియర్ వర్సిటీ జట్టు నుంచి ఏడాది పాటు తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021లో 8-1తో అమ్మాయి గెలిచింది. గెలిచింది గానీ అప్పటికి ఆమె హైస్కూల్ దాటిపోయింది. జట్టు నియమావళి మీద మీరు సంతకం పెట్టేముందు చదవండి, అంతే నేను చెప్పేది.

ఆటగాళ్ళు చించుకుని వచ్చే కాగితపు బ్యానర్ ఉంది చూశారూ, అది తల్లిదండ్రులు చేతులు కలిపే పని. మూడడుగుల వెడల్పు కాగితపు చుట్టలు తెచ్చి, మూడో నాలుగో బద్దలు పక్కపక్కన పరిచి, వెనకవైపు టేపు వేస్తారు. రంగు పలచగా వేయాలి. అక్రిలిక్ రంగు దట్టంగా పూస్తే ఆరాక కాగితం అట్టలా తయారవుతుంది. ముందు వచ్చినవాడు దాన్ని గుద్దుకుని పడతాడు, వెనక నలభై మంది వాడి మీద. మధ్యలో బ్లేడుతో నిలువుగా చీలిక పెట్టి, చిన్న టేపు ముక్కలతో అతికించి ఉంచాలి. అంచులకి, కర్రలకి మాత్రం గట్టి టేపు. గాలి ఉంటే కర్రకి ఇద్దరు. మొదటివాడు తగలగానే కర్రలు లోపలికి వదలాలి, బిగబట్టి లాగకూడదు.

ఇప్పుడు మాస్కాట్, అంటే జట్టు గుర్తుగా వేషం వేసే మనిషి. పులివేషం చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? చాలామందే! అయితే సగం మీకు తెలిసినట్టే. మాట్లాడకూడదు, జనంలో వేషం తల తీయకూడదు. ముఖం మారదు కాబట్టి భావమంతా భుజాల నుంచి రావాలి. మామూలు కన్నా రెండింతలు పెద్దగా, సగం నెమ్మదిగా. తల ఊపడం కనపడదు, నడుం నుంచి ఊగాలి.

అన్నట్టు, కొన్ని స్కూళ్ళ జట్టు పేరు ఇండియన్స్ అని ఉంటుంది. మనం కాదండీ! ఈ దేశపు ఆదివాసీలు. వాళ్ళని అలా బొమ్మ చేయడం తప్పని చాలాకాలంగా గొడవ ఉంది. మెయిన్ రాష్ట్రం 2019లో ప్రభుత్వ స్కూళ్ళలో ఆ మాస్కాట్లని చట్టంతో ఆపేసింది, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే.

చంటిపిల్లలు మాస్కాట్‌ని చూసి గుక్కపట్టి ఏడుస్తారు. తప్పు సాధారణంగా మాస్కాట్‌దే, ఎదురెళ్ళి వాటేసుకోబోతుంది. పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక చెయ్యి ఊపి ఆగాలి. వస్తే వస్తారు, రాకపోతే లేదు.

లోపలున్న పిల్లకి తన పాదాలు కనిపించవు. కనిపించేది నోట్లోంచో, కళ్ళలోని జాలీలోంచో ఒక చిన్న కిటికీ అంత. అందుకని పక్కన ఒక తోడు మనిషి తప్పనిసరి. మెట్ల దగ్గర మోచెయ్యి పట్టుకోవాలి, తోక లాగే పిల్లల్ని ఆపాలి, గడియారం చూడాలి. గడియారం ఎందుకంటే, ఇక్కడ ఆటలు ఆగస్టు చివర్లో మొదలవుతాయి, చీకటి పడ్డా 35 డిగ్రీలు ఉంటుంది. వేసుకునేది 15 నిమిషాలు, తీసేసి చల్లటి గదిలో కనీసం అంతే. మొదటి రెండు ఆటలకి 10 నిమిషాలే ఇవ్వండి. నీళ్ళు వేషం వేసుకోకముందే తాగాలి. మంచు పొట్లాల చొక్కా ఉంటే వేయండి, కానీ అది ఉందని సమయం పెంచకండి, పొట్లాలు కరిగాక అది ఇంకో దుప్పటి. బయటికి తీసుకుపో అనడానికి ఒక సైగ ముందే అనుకోండి, తల మీద రెండుసార్లు తట్టుకోవడం లాంటిది. తూలినా, సైగకి జవాబివ్వకపోయినా అక్కడికక్కడే తల తీసేయండి. పిల్లలు చూస్తారే, రహస్యం పోతుందే అని లాకర్ రూమ్ దాకా నడిపించబోతారు, సొమ్మసిల్లేది ఆ దారిలోనే.

ఆట అయ్యాక ఆ తల ఇంటికి వస్తుంది. అది మీ పని! రబ్బింగ్ ఆల్కహాల్, నీళ్ళు సమానంగా కలిపి లోపలంతా స్ప్రే చేసి, బోర్లించకుండా, తెరిచిన వైపు ఫ్యాన్‌కి పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. లోపలి చిన్న ఫ్యాన్ బ్యాటరీ తీసేయండి. డ్రయర్‌లో వేయకండి, ఫోమ్ వంకరపోతుంది. కారు డిక్కీలో సోమవారం దాకా వదిలేయకండి, టెక్సాస్ ఎండకి జిగురు కరిగి చెవులు ఊడతాయి, వాసన గురించి చెప్పక్కర్లేదు. గ్లవ్స్‌ని తిరగేసి ఆరబెట్టండి, అందరూ మర్చిపోయేది అవే.

సరే, మైకు అటు పంపిస్తున్నాను. మొదట ఆ నీలం చీర ఆవిడ చెయ్యెత్తారు, అడగండమ్మా.